మాట్లాడేవాళ్లు భాగస్వాములైతే పరిశోధన ప్రణాళికలో ఏమేం మారాలి?

ఒక పరిశోధక బృందం అడిగింది క్లుప్తంగా ఇది: తక్కువమంది మాట్లాడే ఒక భాషకు స్పీచ్ రికగ్నిషన్, అంటే మాటను విని రాతగా మార్చే వ్యవస్థ తయారుచేయాలి. 18 నెలల్లో 100 గంటల మాట సేకరించాలి. గ్రాంటు వచ్చింది, ప్రణాళిక సిద్ధంగా ఉంది. ఆ భాష వాళ్లను భాగస్వాములుగా చేర్చుకోవాలని నిధులిచ్చినవాళ్లు షరతు పెట్టారు. మొదటి సమావేశానికి జనం బాగానే వచ్చారు. రెండోదానికి ముగ్గురే వచ్చారు, ఒకాయన "ఇందులో మాకేంటి?" అని అడిగి వెళ్లిపోయారు. ఇప్పుడు వాళ్లను ఎలా కలుపుకోవాలి?

ప్రణాళిక సిద్ధమయ్యాక భాగస్వాములను వెతుకుతున్నారు, చిక్కు అక్కడే ఉంది. ఆ దశలో వచ్చినవాళ్లు చేయగలిగేవి రెండే పనులు: గొంతు ఇవ్వడం, సంతకం పెట్టడం. భాగస్వామ్యం ఉందో లేదో తేల్చుకోవడానికి నేను ఒక్క ప్రశ్న వేస్తాను. వాళ్లు "వద్దు" అంటే మీ ప్రాజెక్టులో ఏది ఆగుతుంది? ఏదీ ఆగకపోతే వాళ్లు సమాచారం ఇచ్చేవాళ్లు మాత్రమే. అందులో తప్పు లేదు. సరైన వేతనం ఇచ్చి, నివేదికలో ఆ పేరుతోనే రాయండి. భాగస్వాములని రాసి పని మాత్రం ఇలా చేయించుకుంటేనే చిక్కు.

ప్రణాళికను ఇప్పటికైనా తెరవచ్చు. నిధులిచ్చే సంస్థలు చాలావరకు మధ్యలో సవరణ లేఖను ఒప్పుకుంటాయి. మొదట తెరవాల్సింది ఆ 100 గంటల అంకె. రికార్డు చేయడం తేలికే, విన్న మాటను అక్షరాల్లో రాయడం దగ్గరే బండి ఆగుతుంది. రాతకు స్థిరపడిన పద్ధతి లేని భాషలో గంట సంభాషణను జాగ్రత్తగా రాసి, అనువదించడానికి 40 నుంచి 100 గంటలు పడుతుందని క్షేత్ర భాషాశాస్త్రంలో మామూలుగా వేసుకునే లెక్క. తక్కువలో తక్కువ 40 వేసుకున్నా మీకు 4,000 గంటల పని. వారానికి 25 గంటలు దాటితే ఈ పనిలో చెవి మొద్దుబారి తప్పులు పెరుగుతాయి. అంటే ఒక మనిషికి 160 వారాలు. ముగ్గురిని పెట్టినా, శిక్షణ కాలం కలపకుండానే ఏడాది దాటుతుంది. మీ బడ్జెట్‌లో రాసేవాళ్లకు ఎంత పెట్టారో ఒకసారి చూడండి.

దీనికి పరిష్కారం 100 గంటలూ రాయకపోవడం. 2020లో వచ్చిన వేవ్‌టువెక్ 2.0 తరహా మోడళ్లు, అంటే మాటను గుర్తుపట్టడం ఉదాహరణల నుంచి నేర్చుకునే ప్రోగ్రాంలు, రాతప్రతి లేని ఆడియో నుంచి ముందుగా కొంత నేర్చుకుని, తర్వాత తక్కువ రాతప్రతితో సర్దుకుంటాయి. కాబట్టి 15-20 గంటలు శుభ్రంగా రాసి, మిగతాది ఆడియోగానే ఉంచడం సాధ్యమే. ఆ 20 గంటలు ఏవి అన్నదే మీరు వాళ్ల చేతిలో పెట్టాల్సిన మొదటి అసలైన నిర్ణయం. పెద్దవాళ్ల కబుర్లా, వంటావార్పుల మాటలా, బడిపిల్లల మాటలా, ఏ యాస ఎంత? మోడల్ ఎవరి మాటను బాగా పట్టుకుంటుందో ఇక్కడే తేలిపోతుంది. 2020లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో అమెజాన్, యాపిల్, గూగుల్, ఐబీఎం, మైక్రోసాఫ్ట్ వ్యవస్థలను పరీక్షిస్తే తెల్లజాతి వాళ్ల మాటలో సగటున 19 శాతం పదాలు తప్పుపోయాయి, నల్లజాతి వాళ్ల మాటలో 35 శాతం. నేర్చుకోవడానికి ఎవరి మాటలు పెట్టారన్నదానికి ఇంత ప్రభావం ఉండగలదు.

"ఇందులో మాకేంటి?" అన్నదాన్ని వ్యతిరేకత అనుకోకండి. మీకు ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నల్లో అదే పనికొచ్చేది. స్పీచ్ రికగ్నిషన్ కావాలని సమాజాలు తమంతట తాము అడగడం అరుదు. వాళ్లు అడిగేవి వేరు: ఫోనులో సరిగా పనిచేసే కీబోర్డు, పిల్లలకు వినిపించే కథలు, ఎప్పుడో ఎవరో రికార్డు చేసి పట్టుకుపోయిన తాతముత్తాతల టేపులు, వెతుక్కోగలిగే నిఘంటువు. కొన్నిసార్లు ఆ అవసరమే స్పీచ్ రికగ్నిషన్ దాకా తీసుకొస్తుంది. న్యూజిలాండ్ ఉత్తర కొసలో మావోరీ తెగల రేడియో సంస్థ తే హికు మీడియా సంగతి అదే. వాళ్ల దగ్గర దశాబ్దాల మావోరీ ప్రసారాలు ఉన్నాయి. వాటిని నేర్చుకునేవాళ్లకు అందించాలంటే రాతప్రతి కావాలి, మనుషులు రాసి తెమిలే పని కాదు. అందుకని 2018లో వాళ్లే పిలుపునిచ్చారు. పది రోజుల్లో దాదాపు 2,500 మంది కలిసి 300 గంటలకు పైగా వాక్యాలు చదివి ఇచ్చారు. బయటి సంస్థ ఎంత ప్రచారం చేసినా ఆ వేగం రాదు. అవసరం వాళ్లది, సంస్థ వాళ్లది, డేటా వాళ్ల దగ్గరే ఉంటుందన్న నమ్మకం వాళ్లది.

కాబట్టి మూడో సమావేశాన్ని మీ ప్రాజెక్టు వివరించడానికి పెట్టకండి. స్లయిడ్లు వద్దు. ఇప్పటిదాకా వాళ్ల భాష మీద ఎవరెవరు ఏం పని చేశారో, ఆ రికార్డింగులు ఎక్కడున్నాయో ముందే వెతికి జాబితా తీసుకెళ్లండి. పాత రికార్డింగులకు నకళ్లు సంపాదించి చేతికిస్తే ఇంకా మంచిది. తర్వాత వినండి, రాసుకోండి. రాసుకున్నది చదివి వినిపించి, సరిగ్గా ఉందో లేదో అడగండి.

ఆ తర్వాత నిర్ణయ మండలి. ఏడు నుంచి తొమ్మిది మంది చాలు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, బాగా మాట్లాడగలిగి, మీ భాష వచ్చి, మీకు మొదట పరిచయమైన ఒక్కరిని సమాజమంతటికీ ప్రతినిధిగా తీసుకోవడం. ఆయన ఇంటికి రానివాళ్లు మీ దగ్గరికీ రారు. వేర్వేరు యాసల వాళ్లు, ఆడవాళ్లు, యువకులు, బడి పంతుళ్లు, ఊరు వదిలి పట్నాల్లో స్థిరపడ్డవాళ్లు ఉండేలా చూడండి. ఎంచుకోవడం మీ పని కాదు, వాళ్లలో వాళ్లే ఎంచుకోవాలి. లేని వర్గాన్ని ఎత్తిచూపడం మాత్రం మీరు చేయవచ్చు. రాత పద్ధతి మీద, భాష పేరు మీద, ఏ యాస "అసలైనది" అన్నదాని మీద ముందునుంచీ గొడవలు ఉంటాయి. మీ ప్రాజెక్టు వాటిలో తీర్పు చెప్పకూడదు. రెండు రాత పద్ధతులుంటే రాసేవాళ్లు తమకు అలవాటైనదాంట్లో రాయనివ్వండి. ఒకదాన్నించి మరోదానికి మార్చే చిన్న ప్రోగ్రాం రాసుకోవడం, ఊళ్లో చీలిక తేవడంకంటే చాలా చవక.

మండలికి "సలహా మండలి" అని పేరు పెట్టి ఊరుకుంటే ఏమీ మారదు. ఏ నిర్ణయం పూర్తిగా వాళ్లది, ఏది ఇద్దరూ కలిసి తీసుకోవాలి, ఏది మీదే అన్నది కాగితం మీద ఉండాలి. డేటా బయటికి ఇవ్వడం, లైసెన్సు, ఏ రికార్డింగులు మోడల్‌కు వాడాలి, కృత్రిమ గొంతు తయారుచేయాలా వద్దా, ఇవి వాళ్లవి. ఏం పరిశోధించాలి, ఎవరిని పనిలోకి తీసుకోవాలి, ఫలితాలు ఎలా చెప్పాలి, ఇవి ఇద్దరివీ. మోడల్ నిర్మాణం, గణాంక పద్ధతి మీవి. తమ డేటా మీద ఆదివాసుల హక్కుల గురించి కెనడా ఆదివాసీ జాతులు 1998లో రూపొందించుకున్న ఓక్యాప్ సూత్రాలు, అదే విషయం మీద 2019లో వచ్చిన కేర్ సూత్రాలు చదవండి. మొదటిదానిలో సొంతదారీ, అదుపు, అందుబాటు, స్వాధీనం అనే నాలుగూ వేర్వేరుగా ఉంటాయి. డేటా వాళ్లదేనని రాసిచ్చి, హార్డ్ డిస్క్, పాస్‌వర్డు మీ దగ్గరే పెట్టుకుంటే సొంతదారీ వాళ్లది, స్వాధీనం మీది. చాలా ఒప్పందాలు ఇక్కడే బోలుగా మిగిలిపోతాయి.

డబ్బు విషయం మొహమాటం లేకుండా చెప్పాలి. మండలి సమావేశాలకు కూడా వేతనం ఇవ్వాలి, దారి ఖర్చు, పిల్లల్ని చూసుకునే ఖర్చు వేరుగా. రాసేవాళ్లకు మీ సంస్థలో పరిశోధన సహాయకులకు ఇచ్చే రేటే ఇవ్వండి. చేసేది ఆ పనే. వాక్యానికి ఇంత అని రేటు కట్టకండి. కడితే గబగబా, చివరి అక్షరాలు మింగేస్తూ చదివిన క్లిప్పులు వస్తాయి, ఒక్కరే వేలల్లో ఇస్తారు, మోడల్ ఆ ఒక్క గొంతుకే అలవాటుపడుతుంది. గంటకు ఇంత అని కట్టి, ఒక్కొక్కరి నుంచి తీసుకునే పరిమాణానికి పరిమితి పెట్టండి, గంటకు మించకుండా. ఇంతకన్నా ముఖ్యమైనది ఆలస్యం. విశ్వవిద్యాలయాల ఖాతాల విభాగం బ్యాంకు వివరాలు, పన్ను నంబరు, మూడు సంతకాలు అడుగుతుంది, డబ్బు నాలుగు నెలలకు వస్తుంది. అప్పటికి నమ్మకం పోయి ఉంటుంది. స్థానికంగా ఒక సంఘం ఉంటే దానికి ఉప-గ్రాంటుగా ఏకమొత్తం ఇచ్చి, చెల్లింపులు వాళ్లనే చేయమనండి. లెక్క రాయడానికి ఒకరికి జీతమూ అందులోనే కలపండి.

సమ్మతి ఒక్క సంతకంతో అయ్యే పని కాదు. రికార్డింగుకు ముందు ఒకసారి, తను మాట్లాడింది విన్న తర్వాత మరోసారి అడగాలి. వినకముందు ఏం ఒప్పుకుంటున్నారో ఎవరికీ తెలియదు. రెండోసారి వాడకాలను విడివిడిగా అడగండి: మీ బృందం పరిశోధన, బడిలో వాడకం, ఆర్కైవులో దాచడం, ఇంటర్నెట్‌లో అందరికీ పెట్టడం, మోడల్‌కు శిక్షణ, తన గొంతుతో యంత్రాన్ని మాట్లాడించడం. చివరిదానికి "కాదు" అనేవాళ్లు ఎక్కువగానే ఉంటారు, దానికి గౌరవం ఇవ్వండి. చదువురాని వాళ్ల దగ్గర మౌఖిక సమ్మతిని వాళ్ల భాషలోనే రికార్డు చేయండి. కబుర్లలో పక్కింటివాళ్ల గొడవలు, జబ్బులు, పేర్లు దొర్లుతాయి. ఒప్పుకున్నది మాట్లాడినాయన, మాటల్లో వచ్చినవాళ్లు కాదు. ఆ ముక్కలను గుర్తుపెట్టి తీసేయడానికి మనిషి, సమయం బడ్జెట్‌లో ఉండాలి.

వెనక్కి తీసుకునే హక్కు గురించి నిజం చెప్పండి. ఫైలు పేరులో మనిషికి ఒక సంకేత సంఖ్య ఉంటే రికార్డింగును ఒక పూటలో చెరిపేయగలరు. మోడల్ నేర్చుకున్నదాన్ని మాత్రం అలా చెరపలేరు, మళ్లీ మొదటినుంచి శిక్షణ ఇవ్వాలి. కాబట్టి "ఫలానా తేదీ వరకు తీసేస్తే మోడల్‌లోకీ వెళ్లదు, తర్వాతైతే తర్వాతి వెర్షన్ నుంచే తీయగలం" అని తేదీ వేసి చెప్పండి. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని నోటిమాటగా అనేయడం అబద్ధం.

లైసెన్సులోనూ ఇదే తిరకాసు. అందరూ వాడుకోవడానికి ముందే అనుమతినిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఒకసారి ఇచ్చాక, తీసుకున్నవాళ్ల నుంచి వెనక్కి రాదు. జనం నుంచి గొంతులు సేకరించడానికి మొజిల్లా సంస్థ 2017లో మొదలుపెట్టిన కామన్ వాయిస్ డేటా, సీసీ-జీరో అనే క్రియేటివ్ కామన్స్ పద్ధతి కింద విడుదలైంది. ఆ పద్ధతిలో హక్కులన్నీ వదిలేసినట్టే, ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చు. ఉన్న వాక్యాలు అందరికీ అందాలనుకునే పెద్ద భాషకు అది బాగుండవచ్చు. ఒకప్పుడు బడిలో తమ భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్న సమాజానికి, అదే భాషను రేపు ఏదో కంపెనీ తిరిగి తమకే అమ్మడం వేరే సంగతి. తే హికు మీడియా అందుకే కైతియాకితంగ లైసెన్సు రాసుకుంది. దాని ప్రకారం డేటా ఎవరి సొత్తూ కాదు, వాళ్లు దానికి సంరక్షకులు. వాడుకోవాలంటే అడగాలి, ప్రయోజనం మావోరీలకు చేరాలి. మీ నిధుల సంస్థ "డేటా అంతా బహిరంగంగా పెట్టాలి" అని షరతు పెట్టి ఉంటే సవరణ లేఖలోనే మినహాయింపు అడగండి. వర్ణనను, అంటే మెటాడేటాను బహిరంగంగా పెట్టి, ఆడియోను అనుమతి మీద ఇవ్వడానికి చాలా సంస్థలు ఒప్పుకుంటాయి.

ఎథిక్స్ కమిటీ నుంచి వచ్చే ఇబ్బంది ఇంకోరకం. వాళ్ల ప్రామాణిక పత్రం పేర్లు తీసేయమంటుంది, కొన్నేళ్లకు డేటా నాశనం చేయమంటుంది. ఈ రెండూ ఆసుపత్రి పరిశోధన నుంచి వచ్చిన నియమాలు. ఇక్కడ పెద్దవాళ్లు తమ పేరు ఉండాలంటారు, మనవలు వినాలంటారు. దరఖాస్తులోనే "పేరు ఉంచాలా వద్దా అన్నది మాట్లాడినవాళ్ల ఇష్టం, రికార్డింగులు శాశ్వతంగా ఆర్కైవులో ఉంటాయి" అని కారణంతో రాయండి. చనిపోయినవాళ్ల గొంతు కొంతకాలం వినకూడదన్న ఆచారం ఉన్న సమాజాలున్నాయి, ఆ నియమాన్ని మండలిని అడిగి ఆర్కైవుకు ముందే చెప్పాలి. ఆస్ట్రేలియాలో 2003లో మొదలైన పారడిసెక్ లాంటి ఆర్కైవుల్లో అందుబాటు షరతులు విడివిడిగా పెట్టుకోవచ్చు. ఆస్ట్రేలియా ఆదివాసులైన వరుముంగు సమాజంతో చేసిన పని నుంచి పుట్టిన ముకుర్తు అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆడవాళ్లకే, ఫలానా కుటుంబానికే అన్న హద్దులు కూడా పెట్టవచ్చు.

రికార్డింగు పని క్లుప్తంగా. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఒకే చానల్, వేవ్ ఫైలు. గంటకు అర జీబీ కన్నా కాస్త ఎక్కువ, 100 గంటలకు 52 జీబీ. మోడల్‌కు 16 కిలోహెర్ట్జ్ చాలు, అది తర్వాత తగ్గించుకోవచ్చు, పెంచుకోవడం కుదరదు. తలకు పెట్టుకునే మైకును పెదవుల మూలకు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో, పక్కగా పెట్టండి. ఎదురుగా పెడితే ప, ఫ లాంటి ధ్వనుల గాలి నేరుగా తగులుతుంది. గట్టిగా మాట్లాడినప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూడండి. ఫోనుతో తీస్తే శబ్దాన్ని తగ్గించే సదుపాయాన్ని, స్థాయిని దానంతటదే సర్దే సదుపాయాన్ని ఆపేసే యాప్ వాడాలి, లేకపోతే స, హ లాంటి ఊదుడు ధ్వనులను చప్పుడనుకుని ఫోను చెరిపేస్తుంది. వాట్సాప్ వాయిస్ సందేశాలుగా పంపించుకోకండి, అది బాగా కుదించేస్తుంది. మూడు నకళ్లు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్లో. ఆ మూడింట్లో ఒకటి సమాజం దగ్గర ఉండాలి, తాళంతో సహా.

చదివి వినిపించే వాక్యాలే పెట్టుకుంటే ఆ లిపి రానివాళ్లందరూ బయటే ఉండిపోతారు, వాళ్లే సాధారణంగా భాష బాగా వచ్చినవాళ్లు. వాళ్లకు బొమ్మ చూపించి చెప్పించవచ్చు, వినిపించి తిరిగి పలికించవచ్చు. పాత టేపులకు బాగా పనిచేసే పద్ధతి ఒకటుంది: ఒక పెద్దాయన టేపును ముక్కముక్కగా విని, అదే మాటను నెమ్మదిగా, స్పష్టంగా మళ్లీ పలుకుతారు, వెంటనే మరో భాషలో అర్థం చెబుతారు. రెండూ రికార్డవుతాయి. రాయడం రాకపోయినా చేయగల పని ఇది. తర్వాత రాసే యువకులకు సగం శ్రమ తప్పుతుంది. రాయడానికి ఈలన్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, ఉచితం.

రాసేవాళ్లకు ఒక్క నియమం మాత్రం కచ్చితంగా చెప్పాలి: విన్నది రాయాలి, సరిదిద్దకూడదు. చదువుకున్నవాళ్లు పెద్దవాళ్ల యాసను "సరైన" భాషలోకి మార్చేస్తారు, మధ్యలో వచ్చిన పరభాషా పదాన్ని తీసేస్తారు, తడబాటును మింగేస్తారు. మోడల్ అదే నేర్చుకుంటుంది. మొదటి రెండు వారాలు ఒకే పది నిమిషాల ఆడియోను అందరిచేతా విడివిడిగా రాయించి, తేడాలను కలిసి కూర్చుని చూడండి. ఎవరు తప్పో తేల్చడానికి కాదు, నియమాల పుస్తకం వాళ్లచేతే రాయించడానికి.

మాట ఇబ్బంది ఉన్నవాళ్లు మీ పరిధిలో ఉంటే ఇంకొన్ని చూసుకోవాలి. పక్షవాతం తర్వాత మాట తడబడేవాళ్లు 15-20 నిమిషాలకే అలసిపోతారు, ఆ పైన తీసింది అలసటను కొలుస్తుంది, మాటను కాదు. అఫేసియా, అంటే మెదడు దెబ్బతిని మాట, భాష సరిగా రాని స్థితి ఉన్నవాళ్లకు సమ్మతి పత్రం పేజీకి ఒక్క విషయంతో, బొమ్మలతో, చిన్న వాక్యాలతో ఉండాలి. పక్కనున్న బంధువు జవాబు చెప్పేయకుండా చూడాలి. నత్తి ఉన్నవాళ్లు తమ మాట మధ్యలో ఆగిపోవడాన్ని "లోపం" అని ముద్రవేయడాన్ని ఒప్పుకోకపోవచ్చు, ఏ లేబుల్ వాడాలో వాళ్లనే అడగండి. సంజ్ఞాభాష అయితే ముఖం కప్పేసి గోప్యత కాపాడలేరు, ముఖ కవళికల్లోనే వ్యాకరణం ఉంటుంది. కాబట్టి అక్కడ గోప్యత హామీ ఇవ్వకండి. బధిరులే నడిపించని సంజ్ఞాభాషా పరిశోధనకు నా దృష్టిలో విలువ తక్కువ.

మోడల్‌ను పరీక్షించడం కోసం పక్కన పెట్టే ఆడియోలోని మనుషులు శిక్షణ ఆడియోలో అసలు ఉండకూడదు. ఫలితాన్ని ఒకే అంకెగా చెప్పకుండా యాస, వయసు, ఆడ-మగ వారీగా చెప్పండి. ప్రత్యయాలు అతుక్కుని పొడవైన పదాలు వచ్చే భాషలో పద దోష శాతం భయంకరంగా కనిపిస్తుంది, అక్షర దోష శాతం కూడా ఇవ్వండి. అన్నింటికన్నా ముందు ఆ ఫలితాన్ని మండలికి ఇవ్వాలి, వాళ్ల భాషలో, తప్పుల నమూనాలతో సహా. వ్యాసం పంపే ముందు 30 రోజులు గడువివ్వండి. వాళ్లు ఒప్పుకోని వ్యాఖ్యానం ఉంటే తీసేయాల్సిన పని లేదు, వాళ్ల అభ్యంతరాన్ని కూడా వ్యాసంలో అచ్చువేయండి. కానీ బయటపెట్టకూడని సమాచారమని వాళ్లంటే తీసేయాలి. ఈ రెంటికీ తేడా ఒప్పందంలో ఉండాలి. రాసినవాళ్లు, వాక్యాలు తయారుచేసినవాళ్లు రచయితల జాబితాలో ఉండాలి. ఆఫ్రికా భాషల మీద పనిచేసే మసఖానే బృందం 2020లో యంత్రానువాదం మీద వేసిన వ్యాసంలో అదే చేసింది, పరిశోధనలో శిక్షణ లేనివాళ్లు కూడా సహరచయితలు.

ఒప్పందంలో చివరి పేజీ ఎవరూ రాయరు, గొడవలన్నీ అక్కడినుంచే వస్తాయి. 19వ నెలలో సర్వర్ బిల్లు ఎవరు కడతారు? మీరు ఉద్యోగం మారితే డేటా మీతో వస్తుందా, పాత సంస్థలో ఉంటుందా? కంపెనీ వచ్చి డేటా అడిగితే ఎవరికి ఫోను చేయాలి? మండలిలో సగంమంది తప్పుకుంటే ఎవరు నింపుతారు? వాళ్లు మధ్యలో వద్దంటే, అప్పటిదాకా తీసిన రికార్డింగులు ఎన్ని రోజుల్లో వెనక్కి వెళ్లాలి, మీ నకళ్లు ఎవరి ఎదుట చెరిపేయాలి? ఒక్కోదానికి ఒక్క వాక్యం చాలు. మూడో సమావేశానికి ఈ ప్రశ్నలనే ఖాళీ గళ్లతో తీసుకెళ్లండి. జవాబులు మీరు ముందే నింపి తీసుకెళ్తే నాలుగోదానికి ఆ ముగ్గురు కూడా రారు.